సాలీళ్ళ లెక్క – 4వ పాఠం: దొరికిన చోటూ, ఉండే చోటూ

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. ఇంట్లోనే, గడియారం చూసుకుంటూ ఒక గంటసేపు సాలీళ్ళను వెతకమన్నాను. బూజుకర్ర ముట్టుకోవద్దనీ చెప్పాను. ఆ పని చేసినవాళ్ళ చేతిలో ఇప్పుడు అయిదారు రకాల జాబితా ఉండాలి. చేయనివాళ్ళు ఇక్కడే ఆపి, ఆ గంట పూర్తి చేసుకుని రండి. పాఠం ఎక్కడికీ పోదు.

మీ జాబితాలో ఏముందో నేను ఇక్కడ కూర్చునే చాలావరకు చెప్పేస్తాను, చూడండి. అటక మూలలో తలకిందులుగా వేలాడుతూ, ఉఫ్ అని ఊదితే ఒళ్ళంతా గిరగిరా ఊపేసే పొడుగు కాళ్ళ బక్కది ఒకటి. పేరు క్రాసోప్రైజా లయోని. పొట్ట వెనకవైపు పైన చిన్న మొటిమలా పొడుచుకొచ్చి ఉంటుంది. పండక్కి మీరు దులిపే బూజులో చాలా భాగం దీని పుణ్యమే. రెండోది గోడ మీద గెంతుతూ, మీరు వేలు కదిపితే చటుక్కున మీవైపు తిరిగి చూసేది. కారు హెడ్‌లైట్లలాంటి ఆ రెండు కళ్ళ గురించి రెండో పాఠంలో చెప్పుకున్నాం. మూడోది బాత్రూంలోనో, సామాన్ల గదిలోనో గోడకు అతుక్కుపోయినట్టుండే పెద్దది, కాళ్ళు చాపితే ఇంచుమించు అరచేతంత. హెటెరోపోడా వెనటోరియా. ఇది వల కట్టదు, బొద్దింకల్ని వెంటపడి పట్టుకుంటుంది. ఒంటి కింద తెల్లటి బిళ్ళలాంటిది పట్టుకుని తిరుగుతుంటే అది ఆడది, ఆ బిళ్ళ గుడ్ల సంచి. దయచేసి చీపురు తీయకండి.

ఇదేం జోస్యం కాదు. ఇవి మనిషి వెంట ప్రపంచమంతా తిరిగినవి. ఓడల్లో, పెట్టెల్లో, అరటి గెలల్లో దాక్కుని ఖండాలు దాటాయి. ఫ్లోరిడాలో ఉంటున్న మీ మేనత్త కొడుకును గరాజ్ గోడ ఒకసారి చూడమనండి, ఆ గెంతేదీ ఈ పెద్దదీ అక్కడా ఉంటాయి. అంటే మన ఇంటి జాబితా మన ఊరి గురించి చెప్పేది తక్కువ, మన ఇళ్ళకు సామాన్లు ఎలా వచ్చాయో చెప్పేది ఎక్కువ. ఊరి గురించి తెలియాలంటే గడప దాటాలి. దాటగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఇది ఏ సాలీడు?" అనుకుంటాం. కాదు. "ఇది ఎక్కడుంది?" అన్నదే మొదటి ప్రశ్న. పేరు రేపైనా కనుక్కోవచ్చు. చోటు మాత్రం ఇవాళ రాసుకోకపోతే పోయినట్టే.

గుత్తిలో దొరికింది, గుత్తిది కాదు

అనంతపురం జిల్లా గుత్తి పేరు విదేశాల్లో పెద్ద సాలీళ్ళను పెంచుకునేవాళ్ళందరికీ తెలుసు. మన కోట చూసి కాదు, ఒక నీలం సాలీడు వల్ల. లండన్ మ్యూజియంలో పనిచేసిన ఆర్. ఐ. పోకాక్ 1899లో ఒక కొత్త జాతిని వర్ణించి, దానికి పోసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. లోహంలా మెరిసే నీలం, కాళ్ళ మీద పసుపు మచ్చలు. ఆ నీలం రంగు కాదు. ఒంటి మీది వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన నిర్మాణం మీద పడిన వెలుతురు అలా నీలంగా తిరిగి వస్తుంది. నెమలి పింఛం సంగతీ ఇలాంటిదే.

పోకాక్ చేతికి వచ్చిన ఆ ఒక్క సాలీడు దొరికింది గుత్తి రైల్వే కట్టెల యార్డులో. కాబట్టి సాలీడుతో పాటు ఉంచే చీటీ మీద గుత్తి అని రాసుకున్నారు, ఇంగ్లీషు పేరులోనూ గుత్తి చేరింది. ఆ తర్వాత నూరేళ్ళకు పైగా అది ఎవరికీ కనపడలేదు. చివరికి 2001లో మళ్ళీ కనిపించింది, కానీ గుత్తిలో కాదు, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య ఉన్న అడవిలో. పాత చెట్ల తొర్రల్లో కాపురం చేసే సాలీడు అది. గుత్తి యార్డులో దొరికింది రైల్లో వచ్చిన కట్టెల సందున దాక్కుని దిగి ఉంటుందని అనుకుంటున్నారు. ఒక రకంగా టికెట్ లేని ప్రయాణం.

గుర్తుంచుకోండి, ఆ చీటీ మీద అబద్ధం లేదు. సాలీడు గుత్తిలోనే దొరికింది. కానీ చీటీ చూసిన ప్రతివాళ్ళూ "దొరికిన చోటు"ను "ఉండే చోటు"గా చదువుకున్నారు. కట్టెల యార్డు అన్న రెండు మాటలు కూడా చీటీ మీద లేకపోయి ఉంటే, రైలు సంగతి ఈరోజుకీ ఎవరికీ తట్టేది కాదు. ఆ రెండు మాటలే దారి చూపించాయి. ఈ పాఠంలో మనం నేర్చుకునేది ఆ రెండు మాటలు రాయడమే.

ముందు చిన్న లెక్క. పొరపాటు ఎంత దూరం? మ్యాప్‌లో గుత్తి ఇంచుమించు 15.12 ఉత్తరం, 77.63 తూర్పు. నంద్యాల 15.48, 78.48. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. రేఖాంశంలో ఒక డిగ్రీ మన దగ్గర సుమారు 107 (భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ ఇది తగ్గుతుంది). తేడాలు తీయండి: 0.36ను 111తో గుణిస్తే 40, 0.85ను 107తో గుణిస్తే 91. ఇక బడిలో చదివిన లంబకోణ త్రిభుజమే. 40 వర్గం 1600, 91 వర్గం 8281, రెండూ కలిపి వర్గమూలం తీస్తే 99. గుత్తి నుంచి నంద్యాలకే దాదాపు 99 కిలోమీటర్లు, అడవి ఇంకా తూర్పున. కాగితం మీద చేతితో ఒకసారి చేయండి, ఫోన్‌లో చూడటం తర్వాత.

చీటీ

నా మొదటి ఏడాది నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఒక పేజీలో "మామయ్య గారి తోట, సాయంత్రం, గట్టు దగ్గర, ఆకుపచ్చది, చాలా అందంగా ఉంది" అని ఉంది. తోట ఇప్పుడు ప్లాట్లు. మామయ్య లేరు. గట్టు ఏదో చెప్పగలిగే మనిషి లేడు. ఆకుపచ్చది ఏమిటో నాకే తెలియదు. అందంగా ఉందన్న ఒక్క సమాచారం మాత్రం భద్రంగా ఉంది.

ఊరు, మండలం, జిల్లా రాస్తే సరిపోదా అంటారేమో. రాయండి, కానీ దాని మీదే ఆధారపడకండి. నంద్యాల 2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉంది, ఆ తర్వాత తనే ఒక జిల్లా. తెలంగాణలో 2016 అక్టోబరుకు ముందు 10 జిల్లాలు, ఇప్పుడు 33. పాత రికార్డులో "ఆదిలాబాద్ జిల్లా" అని మాత్రమే ఉంటే ఇవాళ అది నాలుగు జిల్లాల్లో ఎక్కడైనా కావచ్చు. గీతలు ప్రభుత్వాలు మారుస్తాయి, అక్షాంశ రేఖాంశాలు మారవు. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీరున్న చోట వేలు నొక్కి పట్టుకుంటే ఆ అంకెలు వస్తాయి.

ఎన్ని అంకెలు రాయాలి? దశాంశం తర్వాత రెండు అంకెలంటే ఒక కిలోమీటరు అటూ ఇటూ. నాలుగు అంకెలంటే 11 మీటర్లు, ఒక చెట్టు నీడంత. అది చాలు. ఫోన్ ఆరు అంకెలు చూపిస్తుంది. ఆరో అంకె అంటే 11 సెంటీమీటర్లు. మన ఫోన్‌లకు అంత సీన్ లేదు, నాలుగు దగ్గర ఆపేయండి.

తర్వాత ఎత్తు. టేపు అక్కర్లేదు, ఒంటినే కొలతగా పెట్టుకోండి: నేల, చీలమండ, మోకాలు, నడుము, భుజం, తలకు పైన. సాలీళ్ళు మేడలో అద్దెకున్నట్టు అంతస్తులవారీగా ఉంటాయి. ఒకే వరి మడిలో తోడేలు సాలీళ్ళు దుబ్బుల అడుగున, నీటి అంచున తిరుగుతుంటాయి. దవడల పొడుగువి పై ఆకుల మధ్య వల కట్టుకుని, పగలు ఆకు వెంట కాళ్ళు ముందుకూ వెనక్కూ చాపి పుల్లలా పడుకుంటాయి. సుడిదోమ మొదళ్ళ దగ్గర రసం పీలుస్తుంది కాబట్టి దానికి శత్రువు కింది అంతస్తులోది. మందు కొట్టి ఆ కింది అంతస్తు ఖాళీ చేస్తే దోమ రెట్టింపుగా తిరిగి వస్తుందని వరి పండించే దేశాలన్నీ అనుభవం మీద నేర్చుకున్నాయి. "వరి పొలంలో సాలీళ్ళున్నాయి" అని రాస్తే ఈ సంగతి ఎక్కడా కనపడదు. "మోకాలు కింద" అని రాస్తే కనపడుతుంది.

నా నోటుబుక్కు కాస్త బాగుపడ్డాక రాసిన ఒక చీటీ ఇది. ఊరు, అంకెలు తీసేశాను, మిగతాది ఉన్నదున్నట్టు:

"2024 నవంబరు 17, ఆదివారం, ఉదయం 6:50. మంచు ఉంది, గాలి లేదు. పొలం గట్టు, కంది చేను అంచు. కంది కొమ్మకూ గట్టు గడ్డికీ మధ్య నిలువుగా గుండ్రటి వల. నడుమెత్తు. వల మధ్యలో మందపాటి తెల్ల దారంతో ఇంటూ గుర్తు. దాని మీద సాలీడు తలకిందులుగా, కాళ్ళు రెండేసి జత చేసి. పొట్ట మీద పసుపు, గోధుమ అడ్డచారలు. వల అంచున చిన్న గోధుమ రంగుది, దీనిలో నాలుగో వంతు లేదు. మగదేమో. గంటసేపు నడిస్తే ఈ గట్టు మీద ఇలాంటివి 7."

దీన్ని ఇంటూ సాలీడు అనుకోండి. వల మధ్య సంతకం పెట్టినట్టు ఉంటుంది కాబట్టి సంతకం సాలీడు అన్నా బాగుంటుంది. మన దగ్గర పొలం గట్ల మీదా, కలబంద, నాగజెముడు పొదల మీదా కనిపించే వాటిలో ఎక్కువగా ఉండేది ఆర్జియోపి అనసూజ. స్వీడన్ శాస్త్రవేత్త థోరెల్ 1887లో పెట్టిన పేరు. వినగానే అత్రి మహాముని ఇల్లాలు గుర్తొస్తుంది కదా. అయినా నా చీటీలో అనసూజ అన్న మాట లేదని గమనించారా? కావాలనే రాయలేదు. దీనికి దగ్గర పోలికలున్న అక్కచెల్లెళ్ళున్నాయి. ఖాయం చేయాలంటే పూర్తిగా ఎదిగిన ఆడదాని పొట్ట కింది భాగం భూతద్దంలోనో, మైక్రోస్కోపులోనో చూడాలి. గట్టు మీద నిలబడి "ఆర్జియోపి" దగ్గర ఆగిపోవడం తప్పు కాదు, సిగ్గూ కాదు. పిల్ల సాలీడైతే కుటుంబం పేరు దగ్గరే ఆగండి.

చివరి వాక్యం మళ్ళీ చదవండి. "గంటసేపు నడిస్తే." అది లేకపోతే 7కు అర్థం లేదు. అయిదు నిమిషాల్లో ఏడా, అయిదు గంటల్లో ఏడా? మూడో పాఠంలో ప్రతిసారీ గంట కట్టమని ప్రాణం తీసింది ఇందుకే.

(ఒక పక్కమాట. శ్రీకాళహస్తిలో శ్రీ అంటే సాలీడు, కాళమంటే పాము, హస్తి ఏనుగు. పాము, ఏనుగు సరే, ఆ సాలీడు ఏ రకమన్నది మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. లింగం మీద గూడు కట్టిందంటారు కాబట్టి ఆధారం రాయి, నీడపట్టు అని మన చీటీలో రెండు గళ్ళు నింపుకోవచ్చు.)

సున్నా వేరు, ఖాళీ వేరు

ఇప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకోండి. అడ్డంగా చోట్లు: ఇల్లు, పొలం గట్టు, వరి మడి, ముళ్ళ పొదలు, చెరువు అంచు, తోట, అడవి దగ్గరైతే అడవి. నిలువుగా రకాలు. గడిలో అంకె. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. తేడా ఎక్కడంటే, వెతికాను, లేదు అన్నచోట 0 వేయాలి. వెతకలేదు అన్నచోట ఏమీ వేయకూడదు. రెండూ ఒకలాగే వదిలేసిన పట్టిక అయిదేళ్ళ కష్టాన్నయినా బూడిదలో పోసినట్టు చేస్తుంది. నేను రెండేళ్ళది పోశాను.

పైగా 0 వేయడానికి అర్హత ఉండాలి. ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేసేవేళ ఊరవతల గడ్డిబీటికి వెళ్ళండి. నేలంతా చేతిరుమాళ్ళు ఆరేసినట్టు తెల్లటి పలుచని పరుపులు, వాటి మీద మంచు బొట్లు. ఒక్కో పరుపుకీ ఒక మూలన గరాటులాంటి బిలం. వంగి చూస్తే బిలం నోట్లో రెండు ముంగాళ్ళు బయట పెట్టుకుని కూర్చుని ఉంటుంది. అది హిప్పాసా, తోడేలు సాలీళ్ళ కుటుంబమే, కానీ వల కట్టే బుద్ధి దీనికుంది. గడ్డిపరకతో పరుపు అంచును సన్నగా తాకండి. రివ్వున వస్తుంది, పరకను తడిమి మోసం తెలుసుకుని అంతే వేగంగా వెనక్కి పోతుంది. గట్టిగా తాకితే అసలు రాదు. నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరని ఆట ఇది.

తొమ్మిదింటికి మళ్ళీ అక్కడికే వెళ్ళండి. మంచు ఆరిపోయింది. ఒక్కటీ కనపడదు. వలలు అక్కడే ఉన్నాయి, మీరు వాటి మీదే నడుస్తుంటారు. ఆ టైముకి వెళ్ళినవాడు నిజాయితీగా 0 వేస్తాడు, అది తప్పు 0. అందుకే గడిలో అంకె పక్కన చిన్నగా వేళా, నెలా రాసుకోవాలి. గుండ్రటి వలలవాళ్ళ సంగతీ అంతే. ఆషాఢంలో పొదల మధ్య చూస్తే గోరంత పిల్లలు కళ్ళకు ఆనవు. ఆశ్వయుజం, కార్తీకం వచ్చేసరికి అవే ఎదిగి మొహానికి తగులుతాయి.

ముళ్ళ పొదల గడిలో ఇంకో చిక్కుంది. తుమ్మ, రేగు కొమ్మలకు పాత గుడ్డపేలిక చుట్టినట్టు మురికిగా, ఎండుటాకులూ పురుగుల డొక్కలూ ఇరుక్కుపోయిన ముద్ద కనపడితే, బూజు అనుకుని వెళ్ళిపోకండి. అది స్టెగోడిఫస్ సరసినోరం, కలిసి కాపురం చేసే సాలీడు. సాలీడంటేనే ఒంటరి పిల్లి, కానీ ఇవి పదుల్లో, ఒక్కోసారి వందల్లో ఒకే గూట్లో ఉంటాయి. మిడత పడితే నాలుగైదు కలిసి లాగుతాయి, వంటిల్లు ఒక్కటే. ఎక్కువమంది ఆడవాళ్ళే. పిల్లలు పెద్దయ్యేవేళ తల్లినే తినేస్తాయి. చదువుతుంటే కష్టంగా ఉన్నా, ఆ తల్లి తనంతట తనే ఇచ్చుకునే భోజనం అది. ఎక్కడో ఆఫ్రికా సంగతి కాదు, ఈ జాతి మీద పనిచేసే పరిశోధకులు మన కుప్పం చుట్టుపక్కల పొదల నుంచి గూళ్ళు తీసుకెళ్ళి చదివారు.

ఇప్పుడు మీ గడిలో ఎంత వేస్తారు? గూడు ఒకటి, సాలీళ్ళు వంద. విప్పి లెక్కపెడితే గూడు పాడు. నేను "గూళ్ళు 3" అని వేసి, ఆ పక్కన గూటి సైజు రాస్తాను: పిడికిలంత, కొబ్బరికాయంత. ఈ జాతిని లెక్కపెట్టేటప్పుడు గూడే ఒక శాల్తీ. మీ పట్టికలో ఇంకో మాట కూడా తేలుతుంది. ఒక పొద నిండా ఉంటాయి, ఆ తర్వాత చాలా దూరం ఒక్కటీ ఉండదు. కొత్త కాపురం ఎక్కువగా పక్క కొమ్మ మీదో, పక్క పొద మీదో మొదలవుతుంది కాబట్టి ముద్దలు ముద్దలుగానే విస్తరిస్తాయి. నాలుగు పొదలు చూసి 0 వేస్తే తొందరపడ్డట్టే.

గడ్డిలో వెతికేటప్పుడు ఎర్ర మఖమల్‌లాంటిది దొరికితే పట్టికలో వేయకండి. ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్ళున్నా నడుము లేదు. మొదటి పాఠం చూడండి.

ఒకటి ఖండమంతా, ఒకటి అడవిముక్కలో

అనసూజ పాకిస్తాన్ నుంచి శ్రీలంక దాకా ఉంది. అరకు, మారేడుమిల్లి వైపు తేమ అడవుల్లో చెట్టుకూ చెట్టుకూ మధ్య పసుపుపచ్చ పట్టుతో మనిషెత్తు వల వేసే నెఫిలా పిలిపెస్ భారతదేశం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంది. గుత్తి పేరు మోసుకు తిరిగే నీలం సాలీడు మాత్రం ఒక్క అడవిముక్కలో. ఎందుకు?

చాలా జాతుల పిల్ల సాలీళ్ళకు విమానయోగం ఉంది. గడ్డిపరక కొసకెక్కి, కాలివేళ్ళ మీద లేచి, పొట్ట పైకెత్తి సన్నటి దారాలు వదులుతాయి. దారం లేస్తుంది, దానితో పిల్లా లేస్తుంది. 1832లో దక్షిణ అమెరికా తీరానికి 60 మైళ్ళ దూరంలో బీగిల్ ఓడ తాళ్ళ నిండా ఇలాంటి చిన్న సాలీళ్ళు వాలడం డార్విన్ చూశాడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలి దీవి మీద ప్రాణం లేకుండా పోయాక, 1884 మేలో అక్కడ దిగినవాళ్ళకు కనిపించిన ఒకే ఒక జీవి చిన్న సాలీడు, అప్పటికే వల నేస్తోంది. గాలి ఒక్కటే కారణం కాదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో తేల్చారు. గాలి కదలని పెట్టెలో విద్యుత్ క్షేత్రం పెడితే చాలు, సాలీళ్ళు లేచాయి.

మన నీలం సాలీడు బొచ్చు సాలీళ్ళ కుటుంబంలోది. ఆ కుటుంబంలో చాలావాటికి ఈ యోగం లేదు. పిల్లలు తొర్ర దగ్గరే కాసేపు ఉండి, నడిచి పక్క చెట్టుకు చేరతాయి. మధ్యలో పొలం వస్తే అక్కడికే ఆగిపోతాయి. నది, రోడ్డు, నరికేసిన అడవి వాటికి సముద్రం కింద లెక్క. అందుకే పోసిలోథీరియా కుదురుకు చెందిన జాతులు కనుమల్లో ఒక్కో చోట ఒక్కోటి ఇరుక్కుపోయి ఉంటాయి. మెటాలికాను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2008లో తీవ్ర ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చింది. చెట్లు పోవడం ఒక బాధ, పెంపకం కోసం పట్టుకుపోవడం ఇంకోటి.

కాబట్టి ఇంతసేపూ నాలుగు అంకెలు రాయమని చెప్పిన నేనే ఇప్పుడు ఒక మినహాయింపు చెబుతున్నాను. ఇలాంటిది ఏదైనా కనపడితే అంకెలు మీ నోటుబుక్కులో పూర్తిగా రాయండి, బయట మాత్రం జిల్లా పేరు దాటి చెప్పకండి. ఫోటోలో కూడా చోటు దాక్కుని ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు చూసుకోండి. చూసిన జీవుల ఫోటోలూ చోట్లూ పంచుకునే ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో చోటు మరుగు చేయమంటే 0.2 డిగ్రీల చతురస్రంలో ఎక్కడో ఒక బిందువు చూపిస్తుంది. 0.2 అంటే ఎన్ని కిలోమీటర్లో ఇప్పుడు మీరే చెప్పగలరు.

చూడనివి ఎన్ని?

బి. కె. టికాదర్ 1987లో ముద్రించిన జాబితాలో భారతదేశపు సాలీళ్ళు వెయ్యికి కాస్త పైన. ఇప్పుడు ఆ సంఖ్య 1,800 దాటింది. సాలీళ్ళు పెరగలేదు, చూసేవాళ్ళు పెరిగారు. ప్రపంచ జాబితా 2022లో 50,000 దాటింది. ఏ మ్యాప్‌లోనైనా చుక్కలు దట్టంగా ఉన్నచోట సాలీళ్ళు ఎక్కువ అనుకోకండి. అక్కడ ఒక కాలేజీయో, ఒక పిచ్చి మాస్టారో ఉండి ఉంటారు.

మీ గట్టు మీద మీరు చూడనివి ఎన్నో అంచనా వేయడానికి ఒక చిట్కా ఉంది. తైవాన్ గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో 1984లో చెప్పింది. సూత్రం చిన్నదే. అభ్యాసం కోసం అంకెలు నేనే వేస్తున్నాను. మీకు 14 రకాలు దొరికాయి. అందులో ఒక్కసారే కనిపించినవి 6, సరిగ్గా రెండేసి కనిపించినవి 3. ఒంటివాటి వర్గం 36. జంటవాటికి రెట్టింపు 6. 36ను 6తో భాగిస్తే 6. 14కు 6 కలిపితే 20. అంటే ఆ గట్టు మీద కనీసం 20 రకాలుండొచ్చు. కనీసం అన్న మాట వదలకండి. ఒంటివి ఎక్కువున్నంతకాలం వెతకడం అయిపోలేదని అర్థం, ఇంగితజ్ఞానం కూడా అదే చెబుతుంది. జంటవి అసలు లేకపోతే సున్నాతో భాగించలేరు. అప్పుడు ఒంటివాటిని, వాటికంటే ఒకటి తక్కువ అంకెతో గుణించి, సగం చేసి కలపండి.

ఒక ఉచ్చు ఉంది. ఒకే జాతి పిల్లను, పెద్దదాన్ని రెండు రకాలుగా రాసుకుంటే ఒంటివి పెరిగిపోయి లెక్క ఉబ్బిపోతుంది. ఇంటూ సాలీడు పిల్లగా ఉన్నప్పుడు వల మధ్య ఇంటూ కాకుండా గుండ్రటి చాప నేస్తుంది. దాన్ని చూసి కొత్త రకం అనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ నెల పని

మూడు చోట్లు ఎంచుకోండి, ఒకదానికొకటి పోలిక లేనివి. ఒక్కో చోటా మూడు పొద్దులు, పొద్దుకు ఒక గంట, మంచు ఆరకముందే. గంటలో నోటుబుక్కు తీసి రాసే సమయం కలపకండి, గడియారం ఆపి రాయండి. ప్రతి చీటీలో తేదీ, వేళ, నాలుగంకెల చోటు, ఎత్తు, దేని మీద, వల ఆకారం, ఎన్ని. పేరు చివర, అదీ తెలిస్తేనే. తర్వాత పట్టిక వేసి, ఎన్ని 0లు, ఎన్ని ఖాళీలు ఉన్నాయో విడివిడిగా లెక్కపెట్టండి. మూడు చోట్లకూ చావో లెక్క కట్టండి. పొలం మీది కాకపోతే రైతుతో ముందే మాట్లాడండి. తెల్లారకముందే గట్టు మీద వంగి తిరిగే మనిషిని చూసి నన్నొకసారి మోటారు దొంగ అనుకున్నారు.

గట్ల మీద పాములుంటాయి, చెప్పులు కాదు, బూట్లు.

వచ్చే పాఠం రాత్రిపూట. నుదుటికి కట్టుకునే లైటు ఒకటి సంపాదించుకోండి. చేతి టార్చి పనికిరాదు, వెలుగు మీ కళ్ళ పక్క నుంచే వెళ్ళాలి. బ్యాటరీ చూసుకుని, ఒకసారి పెరట్లో గడ్డి మీదకు వేసి చూడండి. మంచు బొట్లలా ఆకుపచ్చగా మెరిసేవి కనపడితే నెమ్మదిగా దగ్గరికి వెళ్ళండి. వాటిలో కొన్ని మంచు బొట్లు కావు, పరిగెత్తుతాయి.